గేరు ఎందుకు జారిందో తెలిసేదాకా బోల్టు బిగించొద్దు: తాత కాలం హెచ్‌ఎంటీ గేర్‌బాక్స్ విప్పి కట్టిన ముచ్చట

(వీడియో ఎపిసోడ్‌కు రాతరూపం)

వీడియో మొదట్లో ‘టక్’ అని ఒక చిన్న చప్పుడు వినిపించిన కదా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నోళ్లకు బాగా వినపడి ఉంటది. అది మా ట్రాక్టర్ మూడో గేరు తనంతట తాను ఊడి న్యూట్రల్‌లోకి వచ్చినప్పటి చప్పుడు. చిన్న చప్పుడే, కానీ ఆ చప్పుడు విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలే.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద ఉంటది మా ఊరు. మాకు కొంచెం బత్తాయి తోట, చెరువు కింద రెండెకరాల వరి పొలం ఉన్నయి. ఆ రోజు ట్రాలీ నిండా బత్తాయి కాయ. కాయ తెంపిన నలుగురు కాయ మీదనే కూర్చున్నరు. కాలువ కట్ట దగ్గర రోడ్డు ఒక్కసారిగా దిగుడు ఉంటది. ఆ దిగుట్లో గేరు జారింది. బండి ఒక్కసారి తేలికైనట్టు అయింది, వెనుక నుంచి ట్రాలీ తోసుడు మొదలుపెట్టింది. నేను రెండు బ్రేకులూ కలిపి తొక్కిన. అదృష్టం బాగుండి కట్ట దాకా పోకముందే ఆగింది. దిగినంక నా కాళ్లు వణుకుతున్నయి. వెనుక కూర్చున్న వాళ్లకు ఏం జరిగిందో కూడా తెల్వదు, “ఏందయ్యా, ఎందుకు ఆపినవ్?” అని అడుగుతున్నరు.

మన జిల్లాలోళ్లకు ఈ భయం కొత్త కాదు. 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం పడమటి తండా దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది పోయిన్రు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టర్ పడి 15 మంది పోయిన్రు. వాటికి గేర్‌బాక్స్ కారణమని నేను అంటలేను. కానీ కాలువ పక్కన దిగుట్లో గేరు ఊడితే నాకు గుర్తొచ్చింది అవే.

ఇంటికి పోయినంక నాయిన ఒక్కటే మాట అన్నడు: “ఇగ దీన్ని తుక్కు కింద అమ్మేద్దాం.” నేను వద్దన్న. ఆ వద్దన్న మాట నిలబెట్టుకోవడానికి గేర్‌బాక్స్ రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఎందుకు తప్పిన, రెండోసారి ఏం నేర్చుకున్న, అదే ఈ ఎపిసోడ్.

వాచీల హెచ్‌ఎంటీ, ట్రాక్టర్ల హెచ్‌ఎంటీ

మా బండి హెచ్‌ఎంటీ 2511. 25 హెచ్‌పీ, రెండు సిలిండర్లు. మీలో చాలామందికి హెచ్‌ఎంటీ అంటే తాత చేతికి ఉన్న వాచీ గుర్తొస్తది. ఆ కంపెనీయే ఇది. 1953లో బెంగళూరులో మెషిన్ టూల్స్ చేయడానికి మొదలైన ప్రభుత్వ కంపెనీ. 1971లో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. డిజైన్ చెకొస్లొవేకియా వాళ్ల జెటోర్‌ది. అందుకే ముసలోళ్లు ఇప్పటికీ దీన్ని ‘జెటర్ బండి’ అంటరు. 2016లో కేంద్రం ఆ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. అంటే ఇప్పుడు షోరూముకు పోయి కొత్త పార్టు అడిగే రోజు పోయింది.

మా తాత దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. పొట్టిగా ఉంటది కాబట్టి బత్తాయి కొమ్మల కిందికి బాగా దూరుతది. పెద్ద బండి పోతే కొమ్మలు విరుగుతయి, కాయ రాలుతది. కొల్లాపూర్ దిక్కు మామిడి తోటలున్నోళ్లకు కూడా ఈ సంగతి బాగా తెలుసు. తోటకు చిన్న బండే అక్కరకొస్తది. అందుకే నేను తుక్కుకు వద్దన్న.

గేర్‌బాక్స్‌లో ఏం జరుగుతది?

ముందు ఇది అర్థం కావాలె, లేకుంటే తర్వాత చెప్పేదంతా గాలికి పోతది. ఇంజిన్ జోరుగా తిరుగుతది కానీ దాని దగ్గర బలం తక్కువ. టైరు నెమ్మదిగా తిరగాలె, బలంగా లాగాలె. ఈ రెండింటి మధ్య బేరం కుదిర్చేది గేర్‌బాక్స్. 20 పళ్ల గేరు పోయి 40 పళ్ల గేరును తిప్పిందనుకోండి. చిన్నది నిమిషానికి 2000 సార్లు తిరిగితే పెద్దది 1000 సార్లే తిరుగుతది. వేగం సగమైంది, తిప్పే బలం మాత్రం దాదాపు రెండింతలైంది. రాపిడికి కొంచెం పోతది, అంతే. మొదటి గేరులో కల్టివేటర్ లాగుతది, పై గేరులో రోడ్డు మీద ఉరుకుతది.

ఇప్పటి కార్లల్లో గేర్లు ఎప్పుడూ కలిసే ఉంటయి, సింక్రొనైజర్ వాటి వేగం సమానం చేసి తాళం వేస్తది. మన పాత ట్రాక్టర్లలో అది లేదు. షాఫ్టు మీద నిలువుగా గాళ్లు ఉంటయి, వాటిని స్ప్లైన్లు అంటరు. గేరు ఆ గాళ్ల మీద ముందుకూ వెనుకకూ జారి, అవతలి గేరు పళ్లల్లోకి దూరుతది. దీన్నే స్లైడింగ్ మెష్ అంటరు. గేరును జరిపేది ఫోర్కు. చూడడానికి రెండు వేళ్లు చాపినట్టు ఉంటది, గేరు మెడలో ఉన్న గాడిని పట్టుకుంటది. ఫోర్కు ఒక కడ్డీ మీద ఉంటది. ఆ కడ్డీకి చిన్న గుంటలు. స్ప్రింగు ఒక ఉక్కు గోలీని ఆ గుంటలోకి నొక్కి పట్టుకుంటది. మనం గేరు వేసినప్పుడు చేతికి తగిలే ‘కట్’ అనే ఫీలింగ్ ఆ గోలీదే.

అంటే గేరు నిలబడడానికి గోలీ, స్ప్రింగు కావాలె. ఫోర్కు గేరును గాడిలో సరిగ్గా పట్టుకోవాలె. పళ్లు ఒకదాంట్లో ఒకటి పూర్తి వెడల్పుతో కూర్చోవాలె. ఆ రెండు షాఫ్టులూ అటూ ఇటూ ఊగకుండా బేరింగులు పట్టుకోవాలె. వీటిల్లో ఏది వదులైనా గేరు జారుతది.

ఇంకో సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టైర్లను తోస్తది, పళ్ల ఒక ముఖం మీద బరువు పడ్తది. దిగేటప్పుడు టైర్లే ఇంజిన్‌ను తోస్తయి, బరువు పళ్ల అవతలి ముఖం మీద పడ్తది. మా బండి ఎత్తుల మీద ఎప్పుడూ జారలే, దిగుట్లోనే జారింది. ఈ తేడా నేను మొదట పట్టించుకోలే.

మొదటిసారి: నా తొందర

యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి నేనే మెకానిక్ అనుకున్న. పై మూత విప్పిన, టార్చ్ వేసి చూసిన. మూడో గేరు పళ్ల అంచులు అరిగి గుండ్రంగా అయినయి. ఒక పన్ను మూల చితికింది. “దొరికింది దొంగ” అనుకున్న. అదే మోడల్ బండిని ఒకాయన తుక్కుకు విప్పుతుంటే, ఆయన దగ్గర పాత గేరు ఒకటి తెచ్చి వేసిన. అదే ఆయిల్ మళ్లీ పోసి, మూత బిగించి, నాయినకు తాళం ఇచ్చిన.

పదిహేను రోజులు బాగనే నడిచింది. పదహారో రోజు మళ్లీ ‘టక్’. ఈసారి ట్రాలీ ఖాళీ, రోడ్డు సాఫు. అయినా నాయిన నా దిక్కు చూసిన చూపు మర్చిపోను. పైసలు పోయినయి, మాట కూడా పోయింది.

చాచా అడిగిన ప్రశ్నలు

అప్పుడు పోయిన చాచా దగ్గరికి. నలభై ఏండ్లుగా ట్రాక్టర్లే విప్పుతుండు, ఇప్పుడు కండ్లు సరిగ్గా కనపడవని షెడ్డు కొడుక్కు అప్పజెప్పిండు. నేను “గేరు పోయింది చాచా” అన్న. ఆయన “గేరు పోలేదు బేటా, గేరును ఏదో తిన్నది. తిన్నదెవరో చెప్పు” అన్నడు. పానా ముట్టలే, ప్రశ్నలు మొదలుపెట్టిండు.

ఒక్క గేరే జారుతుందా, అన్నీ జారుతున్నయా? ఎత్తులోనా, దిగుట్లోనా? జారే ముందు లివర్ చేతిలో వణుకుతదా, ఊగుతదా? ఆయిల్ ఆఖరిసారి ఎప్పుడు మార్చినవ్? తీసిన ఆయిల్ ఏ రంగులో ఉండె?

మొదటి మూడింటికి జవాబు చెప్పిన. ఒక్కటే గేరు, దిగుట్లో, లివర్ ముందు వెనుక ఊగుతది. ఆఖరి రెండింటికి నా దగ్గర జవాబు లేదు. ఆయిల్‌ను నేను బకెట్లో పట్టి మళ్లీ అదే పోసిన కదా, చీకట్లో రంగు కూడా చూడలే. చాచా నవ్వలే, తిట్టలే. “రేపు పొద్దుగాల ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డ్రెయిన్ ప్లగ్ కొంచెమే వదులు చెయ్. ఊడదీయకు. ముందు ఏమొస్తదో చూడు” అన్నడు.

రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో నీళ్లు అడుక్కు దిగుతయి, ఆయిల్ పైన తేలుతది. అందుకే పొద్దుగాల చూడాలె. వదులు చేసిన. ముందు ఆయిల్ రాలే, మురికి నీళ్లు వచ్చినయి. తర్వాత వచ్చిన ఆయిల్ పాలెక్కువైన చాయ్ లెక్క ఉంది. వీడియోలో ఆ క్లిప్ చూసే ఉంటరు. నీళ్లు, ఆయిల్ కలిసి చిలికినట్టయితే ఆ రంగొస్తది.

ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్నది కూడా చూడాలె. మెత్తటి బూడిద రంగు పేస్టు కొంచెం ఉంటే భయం లేదు, ఏ గేర్‌బాక్స్‌లో అయినా అంత అరుగుదల ఉంటది. గోరంత ఉక్కు పొలుసులు, ముక్కలు ఉంటే పన్నో బేరింగో రాలుతున్నట్టు. ఆయిల్‌లో పసుపు రంగు మెరుపు కనిపిస్తే ఇత్తడి బుష్షో వాషరో అరుగుతున్నట్టు. మాకు ఉక్కు పొలుసులు దొరికినయి.

నీళ్లు ఎట్లా పోయినయి?

ఇది విన్నప్పుడు నాకు దిమ్మ తిరిగింది. మేము ఏటా కరిగెట్లప్పుడు కేజ్ వీల్స్ కట్టి చెరువు కింద పొలం దున్నుతం. బండి ఇరుసుల దాకా బురదలో ఉంటది. పని చేసి గేర్‌బాక్స్ వేడెక్కుతది. వేడికి లోపల గాలి ఉబ్బుతది. ఆ గాలి పోవడానికి గేర్‌బాక్స్ పైన బ్రీదర్ అని ఒక చిన్న మూతి ఉంటది. అది మట్టితో మూసుకుపోతే ఉబ్బిన గాలి సీళ్ల సందుల్లోంచి బయటికి పోతది. బండి చల్లబడ్డప్పుడు లోపలి గాలి ముడుచుకుంటది, బయటి నుంచి పీలుస్తది. బ్రీదర్ మూసుకుంది కాబట్టి సీళ్ల సందుల్లోంచే పీలుస్తది. సీళ్ల బయట ఉన్నదేంది? బురద నీళ్లు. ఇక లివర్ కింద రబ్బరు బూటు చినిగి ఉంటే వానకు, కడిగేటప్పుడు పైనుంచి కూడా పోతయి. మాది బ్రీదర్ మూసుకుంది, రబ్బరు కూడా చినిగింది. రెండూ మేం చూసుకోక జరిగినయే, కంపెనీని అనడానికి లేదు.

ఇప్పుడు గొలుసు చూడండి. బ్రీదర్ మూసుకుంది, నీళ్లు పోయినయి. నీళ్లకు బేరింగు గోలీల మీద తుప్పు గుంటలు పడ్డయి. గుంటలు పడ్డ బేరింగు వదులైంది, షాఫ్టు ముందూ వెనుకా ఊగుడు మొదలుపెట్టింది. ఊగినప్పుడల్లా గేరు పూర్తి వెడల్పుతో కూర్చోలేదు, పళ్లు ఒక్క అంచు మీదనే అరిగి వాలు తేలినయి. వాలు పళ్ల మీద బరువు పడితే తిప్పే బలంలో కొంత పక్కకు తోసే బలం అయితది. ఆ తోపుడును స్ప్రింగు ఎంతసేపు ఆపుతది? ఒకరోజు గోలీ గుంటలోంచి లేచింది, ‘టక్’. నేను మొదటిసారి మార్చింది ఈ గొలుసులో ఆఖరి కడియం మాత్రమే. మిగిలిన కడియాలన్నీ లోపలే ఉన్నయి, కొత్తగా వేసిన గేరును కూడా తినుడు మొదలుపెట్టినయి.

రెండోసారి: బండిని రెండు ముక్కలు చేసుడు

షాఫ్టులు బయటికి తీయాలంటే బండిని మధ్యలో విడదీయాలె, ఇంజిన్ ఒక దిక్కు, గేర్‌బాక్స్ ఒక దిక్కు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఇది ప్రాణాల మీది సంగతి. ముందు టైర్ల ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగేటట్టు ఉంటది. వెనుక భాగంతో కలిసి ఉన్నంతసేపే ఇంజిన్ నిలబడి ఉంటది. విడదీయగానే పక్కకు ఒరిగి మీద పడ్తది. అందుకే ముందుగా ఇరుసుకూ ఫ్రేముకూ మధ్య రెండు పక్కలా గట్టి చెక్క ముక్కలు బిగగొట్టాలె. జాకీ ఎత్తడానికే, ఆపడానికి కాదు. ఎత్తినంక కింద స్టాండ్లో లావాటి చెక్క దిమ్మెలో పెట్టాలె. నేల గట్టిగా, చదునుగా ఉండాలె. బ్యాటరీ వైరు మొదట తీసేయాలె. ఒక్కరే ఈ పని చేయొద్దు. మేము చాచా కొడుకు షెడ్డులో, చైన్ బ్లాక్ కట్టి, ముగ్గురం కలిసి చేసినం.

ఇక్కడ మీ చేతిలో ఉన్న ఫోన్ మస్తు పనికొస్తది. ఈ బండి మాన్యువల్ మాకు దొరకలే. కాబట్టి ప్రతి బోల్టు తీయకముందు ఒక ఫొటో, తీసినంక ఒక ఫొటో తీసిన. ఏ వాషర్ ఏ దిక్కు ముఖం పెట్టి ఉందో నోటితో చెప్పుకుంట వీడియో తీసిన. పార్టులన్నీ గోనెసంచి మీద తీసిన వరుసలోనే పేర్చిన. మొత్తం 214 ఫొటోలు. అదే మా మాన్యువల్.

కంపెనీ పోయినా నంబర్ పోదు

అందరూ అడిగే ప్రశ్న, “మూతపడ్డ కంపెనీ పార్టులు ఎక్కడ దొరుకుతయి?” సగం పార్టులకు ఆ కంపెనీతో పని లేదు. బేరింగు అంచు తుడిచి చూడండి, నంబర్ చెక్కి ఉంటది. ఉదాహరణకు 6308. మొదటి 6 అంటే మామూలు బాల్ బేరింగు రకం. 3 అంటే ఎంత బలమైన సిరీస్ అన్నది. చివరి 08ని 5తో గుణించండి, 40. అంటే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. బయటి కొలత 90, మందం 23. 6208 అయితే రంధ్రం అదే 40, కానీ బయట 80, మందం 18. 04 నుంచి పైకి ఈ ఐదుతో గుణించే లెక్క పని చేస్తది. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా 6308 కొలత ఒక్కటే. ట్రాక్టర్ పేరు చెప్పే అవసరం లేకుండా రాణిగంజ్‌లో బేరింగు దుకాణంలో నంబర్ చెప్పి తెచ్చుకున్న.

ఆయిల్ సీళ్లది కూడా అదే లెక్క. రబ్బరు మీద మూడు నంబర్లు ఉంటయి, షాఫ్టు మందం, బయటి వెడల్పు, లోతు. చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి. కొత్త సీలు వేసే ముందు షాఫ్టు మీద సీలు తగిలే చోట గోరు పెట్టి చూడండి. గీత పడి ఉంటే ఎంత కొత్త సీలైనా కారుతది.

గేర్లు మాత్రం ఆ మోడల్‌వే కావాలె. ఇక్కడ చాచా చెప్పిన నియమం: ఒకదాంతో ఒకటి కలిసి అరిగిన గేర్లు జతగానే మారాలె. కొత్త పన్ను, అరిగిన పన్ను కలిస్తే కొత్తదే ముందు పాడైతది. మొదటిసారి నేను చేసింది సరిగ్గా ఆ తప్పే. ఈసారి పళ్లు బాగున్న జత దొరికేదాకా ఇరవై రోజులు ఆగినం.

ఫోర్కు వేళ్లు కూడా సన్నబడ్డయి. గేరు గాడిలో పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే చాలా సందు ఉంది. వేళ్ల మీద ఇత్తడి పోయించి, ఆకురాయితో సాపు చేసి సరిచేసినం. స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే పాతది పొట్టిగా ఉంది, మార్చినం. ఇంట్లో ఉన్న ఏదో స్ప్రింగు పెట్టి సరిపెట్టొద్దు. గట్టిదైతే గేరు పడదు, మెత్తదైతే నిలవదు.

కట్టేటప్పుడు

అన్ని పార్టులు డీజిల్‌తో కడిగినం. పెట్రోల్ వాడొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. బీడీ, సిగరెట్ దగ్గరికి రానియ్యొద్దు. కొత్త బేరింగును గాలి కొట్టి గిర్రున తిప్పి ఆడుకోవద్దు, ఆయిల్ లేకుండా తిరిగితే మొదటి రోజే గీతలు పడ్తయి.

బేరింగు షాఫ్టు మీద బిగుతుగా కూర్చోవాలె. సుత్తితో బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోలీల మీదుగా పోయి లోపల గుంటలు పడ్తయి. దెబ్బ ఎప్పుడూ బిగుతుగా కూర్చునే రింగు మీదనే పడాలె. షాఫ్టు మీదికి ఎక్కిస్తుంటే లోపలి రింగు మీద, దానికి సరిపోయే పైపు పెట్టి. అంతకన్నా మంచి దారి, బేరింగును ఆయిల్‌లో వేలాడదీసి 90, 100 డిగ్రీల దాకా వేడి చేసుడు. ఉబ్బి దానంతట అదే జారి కూర్చుంటది. 120 దాటనియ్యొద్దు, ఉక్కు గుణం చెడుతది. ఈ పని నేను చేయలే, చాచా కొడుకే చేసిండు. వేడి ఆయిల్‌తో ఆటలొద్దు.

షాఫ్టు ఊగుడు కొలవడానికి డయల్ గేజ్ పెట్టినం. ఊగుడు ఎక్కువుంటే బేరింగు మూత కింద పలుచని షిమ్ములు పెట్టి సరి చేస్తరు. పాత షిమ్ములు పారేయకుండా మందం కొలిచి పెట్టుకోండి, లెక్క అక్కడి నుంచే మొదలైతది.

ఇక ఒక సంగతి దాచకుండా చెప్పాలె. ఫోర్కు కడ్డీలన్నీ ఎక్కించి మూత పెట్టబోయిన. చాచా పక్కన కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతుండు, ఏం మాట్లాడలే. ఎందుకో అనుమానమొచ్చి ఫోన్ తీసి ఫొటోలు ఒక్కొక్కటి జరుపుకుంట పోయిన. ఒక ఫొటోలో రెండు కడ్డీల మధ్య వడ్లగింజ కన్నా కొంచెం పెద్ద పిన్ను ఒకటి కనపడ్డది. గోనెసంచి మీద చూస్తే లేదు. “చాచా, ఇక్కడొక పిన్ను ఉండాలె” అన్న. ఆయన అంగీ జేబులోంచి తీసి నా చేతిలో పెట్టిండు. “కడిగేటప్పుడు కింద పడ్డది, తీసి పెట్టిన. అడుగుతవా లేదా అని చూస్తున్న.”

దాని పేరు ఇంటర్‌లాక్. ఒక కడ్డీ కదిలితే పక్క కడ్డీని కదలకుండా ఆపుతది. అది లేకుంటే ఒకేసారి రెండు గేర్లు పడే ప్రమాదముంది. షాఫ్టు ఒకేసారి రెండు వేగాలతో తిరగలేదు కదా, లాక్ అయితది, లేకుంటే పళ్లు పగులుతయి. నా 214 ఫొటోల్లో ఆ ఒక్క ఫొటోనే మొత్తం పనిని కాపాడింది.

మూత పెట్టే ముందు చేత్తో తిప్పుకుంట ప్రతి గేరూ వేసి చూసినం. న్యూట్రల్‌లో షాఫ్టు ఫ్రీగా తిరుగుతుందా చూసినం. గాస్కెట్ సీలెంట్ పలుచగా పూయాలె, ఎక్కువైతే లోపలికి పడి ఆయిల్ దారులు మూస్తది. ఆయిల్ విషయం, పాత గేర్‌బాక్స్‌లకు చాలావరకు 90 నంబర్ గేర్ ఆయిల్ వాడుతరు. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని కూడా రాసి ఉంటది. జీఎల్-5లో ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే గంధకం మందులు ఎక్కువ, కొన్ని రకాలు ఇత్తడి, కంచు పార్టులను తింటయి. మీ బండికి ఏది రాసి ఉందో అదే పోయండి. ఖరీదైనదే మంచిదనుకోవద్దు. 50 గంటలు నడిచినంక ఆ ఆయిల్ తీసి ప్లగ్ మళ్లీ చూడాలె.

మళ్లీ అదే దిగుడు

గేర్ల జత, బేరింగులు, సీళ్లు, ఆయిల్, చాచా వాళ్ల కూలీ, అన్నీ కలిపి 30 వేల లోపు అయినయి. మొదటిసారి తొందరలో పోయిన పైసలు వేరే.

ముందు టైర్లు లేపి స్టాండ్ల మీద నడిపినం. తర్వాత పొలంలో, తర్వాత ఖాళీ ట్రాలీతో రోడ్డు మీద, ఆ తర్వాత బరువేసి కాలువ కట్ట దిగుడు. ట్రాలీలో మనుషులను ఎక్కించలే, ఇప్పుడు కూడా ఎక్కించుత లేం. కూలీలకు ఆటో మాట్లాడుతున్నం. నాయిన గుణిగిండు కానీ ఒప్పుకున్నడు.

దిగుడు గురించి ఒక్క మాట, ఇది కొత్త బండి ఉన్నోళ్లకు కూడా. ఏ గేరులో ఎక్కుతరో ఆ గేరులోనే దిగండి. డీజిల్ మిగులుతదని న్యూట్రల్ చేయొద్దు, క్లచ్ తొక్కి పట్టొద్దు. స్లైడింగ్ మెష్ బండిలో గేరు ఒకసారి ఊడితే ఉరుకుతున్న బండికి మళ్లీ పడదు, పళ్లు గరగరమంటయి అంతే. ఇగ మిగిలేది బ్రేకులు ఒక్కటే. మన ట్రాలీలల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు, బరువంతా ట్రాక్టర్ మీదనే పడ్తది. రోడ్డెక్కే ముందు కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం తప్పకుండా వేయండి. ఒక్క పక్క బ్రేకే పడితే బండి ఆ దిక్కు తిరిగి బోర్లా పడ్తది.

ఆ రోజు దిగుట్లో నా చెయ్యి లివర్ మీదనే ఉంది. అది ఊగలే. కట్ట దాటినంక బండి ఆపి ఫోన్ తీసి ఆడియో రికార్డ్ చేసిన. వీడియో చివర్లో వినిపించేది అదే, ఇంజిన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మొన్న కరిగెట్లయినంక పొద్దుగాల లేచి చూస్తే నాయిన బండి పక్కన కూర్చొని ఉన్నడు. చేతిలో సన్నటి తీగ ఉంది, బ్రీదర్ మూతిలో మట్టి తీస్తుండు. నేను చూసినట్టు ఆయనకు చెప్పలే.

మీ ఇంట్లో పాత బండి ఉంటే రేపు పొద్దుగాల మూడు పనులు చేయండి. బ్రీదర్ తుడవండి. లివర్ కింది రబ్బరు చినిగిందేమో చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేసి ముందు ఏమొస్తదో చూసి, మళ్లీ బిగించండి. నీళ్లొస్తే ఫొటో తీసి పంపండి, ఏం చేయాలో మాట్లాడుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో క్లచ్ ప్లేటు ముచ్చట. ఉంటా మరి, పైలం.